పాత మౌంటెన్ బైక్ ఫ్రేమ్ మీద వాడని బ్రేక్ బాస్‌లు: ఎంతవరకు తీయాలి, ఎక్కడ ఆగాలి

ప్రశ్న: 1990ల నాటి క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) స్టీల్ మౌంటెన్ బైక్ ఫ్రేమ్ వాడుతున్నాను. 26 అంగుళాల చక్రాలు. వెనక ఎడమ పక్క డిస్క్ బ్రేకు బిగించే ట్యాబ్‌ను ఒక ఫ్రేమ్ బిల్డర్ చేత బ్రేజ్ చేయించాను (ఇత్తడో వెండో కరిగించి అతికించడం). ముందున్న సస్పెన్షన్ ఫోర్క్‌కు డిస్క్ కాలిపర్ (ప్యాడ్‌లను డిస్క్‌కు నొక్కే భాగం) బిగించే వీలూ, వి-బ్రేక్ (చక్రం రిమ్‌ను పట్టే పాత రకం బ్రేకు) పోస్టులూ రెండూ ఉన్నాయి. ఇప్పుడు రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులే. పాత పోస్టులు ఖాళీగా పొడుచుకుని ఉన్నాయి. సీటు వెనక కట్టే బ్యాగు పట్టీలు వాటికి రాసుకుని తెగుతున్నాయి, బైకు ఎత్తేటప్పుడు చేతులు గీసుకుపోతున్నాయి. యాంగిల్ గ్రైండర్‌తో మొదలంటా కోసేస్తే ఫ్రేమ్ బలం తగ్గుతుందా? అవి పోయాక 2.4 అంగుళాల టైరు పడుతుందా? టాప్ ట్యూబ్ (ఫ్రేమ్ పై గొట్టం) మీది కేబుల్ స్టాపులు (కేబుల్ తొడుగు ఆనే చిన్న బుడిపెలు) కూడా తీసేయొచ్చా? రంగు మొత్తం మళ్లీ వేయించాల్సిందేనా?

జవాబు: వెనక సీట్‌స్టేల (సీటు కింది నుంచి వెనక ఇరుసుకు దిగే రెండు సన్నటి గొట్టాల) మీది బాస్‌లను, అంటే ఆ పోస్టులను వాటి పీఠంతో సహా, తీయొచ్చు. గ్రైండర్‌తో మొదలుపెట్టినా ఫరవాలేదు కానీ దానితో ముగించకండి. చివరి రెండు మిల్లీమీటర్లు ఆకురాయితో, చేత్తోనే తీయాలి. ఫోర్క్ మీద మాత్రం గ్రైండర్, రంపం, ఆకురాయి ఏదీ పెట్టొద్దు. అక్కడ ప్రమాదం వేరే రకం, కింద వివరంగా చెబుతాం. కేబుల్ స్టాపులను అలాగే ఉంచండి. రంగు మొత్తం వేయించనక్కర్లేదు.

టైరు సంగతి ముందే తేల్చేద్దాం, ఎందుకంటే చాలామంది ఈ ఆశతోనే రంపం పడతారు. బాస్‌లు సీట్‌స్టేల వెనక ముఖం మీద ఉంటాయి. టైరు తిరిగేది రెండు స్టేల మధ్య. వెనకవైపు మెట్టు తీసేసినంత మాత్రాన లోపలి దూరం ఒక్క వెంట్రుకంత కూడా పెరగదు. పైగా పాత ఫ్రేముల్లో టైరుకు అసలు ఇరుకు చైన్‌స్టేల (కింద పెడళ్ల దగ్గర నుంచి వెనక ఇరుసుకు పోయే గొట్టాల) దగ్గర, బాటమ్ బ్రాకెట్‌కు (పెడళ్ల ఇరుసు తిరిగే చోటుకు) కాస్త వెనక ఉంటుంది. అక్కడ కొలిచి చూడండి. టైరుకు రెండు పక్కలా కనీసం 5 మిల్లీమీటర్లు మిగలకపోతే, బాస్‌లు ఉన్నా పోయినా ఆ టైరు ఆ ఫ్రేమ్‌కు నప్పదు.

ఇక బలం విషయం. బాస్ గొట్టం బయట అతికించిన అదనపు ముక్క. గొట్టాన్ని నిలబెట్టేది అది కాదు. బ్రేకు దాన్ని పక్కకు లాగినప్పుడు వచ్చే బలాన్ని స్టేకు అందించడమే దాని పని, ఆ పని ఇప్పుడు లేదు. అందుకని బాస్ పోవడం వల్ల ఫ్రేమ్ బలహీనపడదు. దాన్ని తీసే తొందరలో కింద ఉన్న గొట్టం గోడ పలచబడితేనే బలహీనపడుతుంది. పాత క్రోమోలీ ఫ్రేముల్లో సీట్‌స్టే వ్యాసం సాధారణంగా 14 నుంచి 16 మిల్లీమీటర్లు, గోడ మందం 0.8 నుంచి 1 మిల్లీమీటరు. బ్యాంకు కార్డు ఒకటి చేతిలోకి తీసుకోండి. దాని మందం 0.76 మిల్లీమీటర్లు. మీరు పని చేయబోయేది అంత పలచటి ఉక్కు మీద. గ్రైండర్ చేతిలో ఒక్క సెకను జారితే అందులో సగం పోతుంది.

కోసే ముందు ఇంకొక మాట. ఇది వెనక్కి తీసుకోలేని పని. రేపు ఆ ఫ్రేమ్‌కు మళ్లీ రిమ్ బ్రేకులు పెట్టాలన్నా, అలాంటి వారికి ఇవ్వాలన్నా దారి ఉండదు. పైగా బాస్‌లోని ఎం6 (6 మిల్లీమీటర్ల) మరలు క్యారియర్‌కో మడ్‌గార్డుకో పనికొస్తాయి. మీ ఇబ్బంది పట్టీలు తెగడం, చేతులు గీసుకోవడం మాత్రమే అయితే మధ్యేమార్గం ఒకటుంది. పొడుచుకొచ్చిన పోస్టును మాత్రం కోసేసి, గొట్టానికి అతికి ఉన్న పీఠాన్ని 3 మిల్లీమీటర్ల ఎత్తున ఉంచి, అంచులు గుండ్రంగా అరగదీయండి. పట్టీ దాని మీదుగా జారిపోతుంది. గొట్టాన్ని తాకే అవసరమే రాదు. మొదటిసారి ఈ పని చేసేవారికి మేం ఇదే చెబుతాం. పూర్తిగా నున్నగా కావాలని మీ మనసు ఒప్పుకోకపోతేనే కింది పద్ధతి.

ముందు పోస్టు మొదట్లో చూడండి. స్పానర్ పట్టేందుకు రెండు పక్కల చదును ఉంటే ఆ పోస్టు మరతో బిగించినది కావచ్చు. అప్పుడు కోత అక్కర్లేదు, తుప్పు వదిలించే నూనె రాత్రంతా నాననిచ్చి, సరిగ్గా పట్టే స్పానర్‌తో విప్పితే వచ్చేస్తుంది. ఆ కాలపు స్టీల్ ఫ్రేముల్లో ఎక్కువ భాగం పోస్టు, పీఠం ఒకే ముక్కగా ఉంటాయి.

తర్వాత లోహాన్ని, అతుకును నిర్ధారించుకోండి. అయస్కాంతం అంటుకుంటే స్టీల్. అంటుకోకపోతే అది అల్యూమినియం గానీ టైటానియం గానీ అయ్యుంటుంది. ఈ సమాధానం వాటికి వర్తించదు. అల్యూమినియం ఫ్రేములకు వేడి చేసి బలం తెప్పిస్తారు. 6061 రకం మిశ్రమం 200 డిగ్రీలు దాటి వేడెక్కితే ఆ బలం కోల్పోవడం మొదలవుతుంది, గ్రైండర్ కింద అంత వేడి తేలిగ్గా పుడుతుంది. కార్బన్ ఫ్రేమ్ మీదైతే ఈ ఆలోచనే వద్దు.

అతుకు ఏ రకమో తెలియాలంటే బాస్ చుట్టూ అర అంగుళం మేర రంగు తీసి చూడాలి. పసుపు రంగు నున్నటి ఒంపు కనిపిస్తే ఇత్తడితో బ్రేజ్ చేశారు. సన్నగా తెల్లగా మెరిసే గీత కనిపిస్తే వెండి బ్రేజింగ్. చేప పొలుసుల్లా వరసలు కనిపిస్తే టిగ్ వెల్డింగ్ (విద్యుత్ ఆర్క్‌తో కరిగించి అతికించడం). ఇది తెలుసుకోవడం ఎందుకంటే, ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తు మొదటి రెంటిలో మీకు దానంతట అదే దొరుకుతుంది. మూడోదానిలో దొరకదు.

బ్రేజింగే కదా, టార్చ్‌తో వేడి చేసి ఊడదీయొచ్చు కదా అనిపించవచ్చు. వద్దు. వెండి బ్రేజింగ్ కరగడానికి 600 నుంచి 700 డిగ్రీలు కావాలి, ఇత్తడికి దాదాపు 900. అంత వేడి తగిలితే పక్కనున్న బ్రేక్ బ్రిడ్జి (రెండు స్టేలను కలిపే అడ్డ ముక్క) అతుకు కూడా వదులవుతుంది, పలచటి స్టే ఒంగిపోతుంది. క్రోమోలీ అంత వేడికి వెళ్లి గాలికి త్వరగా చల్లారితే ఆ ముక్క గట్టిపడి పెళుసెక్కే అవకాశమూ ఉంది. ఇంకా ముఖ్యం, పాత వెండి బ్రేజింగ్ కడ్డీలలో కొన్నింటిలో కాడ్మియం ఉండేది. దాని పొగ పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. వేడి చేసి తీయడం ఫ్రేమ్ బిల్డర్ పని.

గొట్టం లోపలి తుప్పును కూడా ఇప్పుడే చూసుకోవాలి. ముప్పయ్యేళ్ల ఫ్రేమ్ లోపల ఏముందో బయటి రంగు చెప్పదు. డ్రాపౌట్ (వెనక ఇరుసు కూర్చునే గాడి) దగ్గర గానీ బ్రిడ్జి దగ్గర గానీ సన్నటి గాలి రంధ్రం ఉంటే అందులో స్పోక్ తీగ దూర్చి తిప్పండి. గోధుమరంగు పొడి కొద్దిగా వస్తే ఫరవాలేదు, పెచ్చులు రాలితే అనుమానించాలి. బాస్ కింద, పైన గోరుతో రంగు నొక్కి చూడండి. బుడగల్లా ఉబ్బిన చోట సూదిమొనతో నొక్కితే లోపలికి దిగుతోందంటే ఆ స్టే అయిపోయినట్టే. అలాంటి ఫ్రేమ్‌కు బాస్‌లు తీయడం కాదు, స్టే మార్పించడం గురించి ఆలోచించాలి.

పనికి ముందు బైకు పూర్తిగా విప్పండి. చక్రాలు, క్రాంకులు, బాటమ్ బ్రాకెట్, ఫోర్క్ అన్నీ తీసేయాలి. ఉక్కు పొడి బేరింగ్‌లోకి పోతే రాపిడి మొదలవుతుంది, రంగు మీద పడి తడిస్తే మర్నాటికి నారింజ చుక్కలవుతుంది. డిస్క్ రోటర్లను, ప్యాడ్‌లను ఆ గదిలోనే ఉంచకండి. నూనె ఆవిరి, స్ప్రే తుంపర వాటి మీద పడితే బ్రేకు పట్టు పోతుంది.

ఫ్రేమ్‌ను సీట్‌స్టే దగ్గర వైస్‌లో బిగించడం ఈ పనిలో తరచూ జరిగే తప్పు. పలచటి గొట్టం నొక్కుకుపోతుంది, ఆ నొక్కును సరిచేయలేరు. పాత స్టీల్ సీట్‌పోస్టు ఒకటి ఫ్రేమ్‌లో లోతుగా దించి, దాన్ని వైస్‌లో పట్టించండి. డ్రాపౌట్ల మధ్య పాత హబ్ ఒకటి బిగించండి. 90ల మౌంటెన్ బైకులకు సాధారణంగా 135 మిల్లీమీటర్ల హబ్ పడుతుంది. అలా చేస్తే ఆకురాయి ఒత్తిడికి స్టేలు లోపలికి ఒంగవు. వి ఆకారంలో గాడి తీసిన చెక్క ముక్కను స్టే కింద ఆసరాగా పెట్టండి.

ఇప్పుడు కొలతలు. బాస్‌కు 20 మిల్లీమీటర్లు పైన, 20 మిల్లీమీటర్లు కింద గొట్టం మీద రంగు తీసి, ముందు ముఖం నుంచి వెనక ముఖానికి వెర్నియర్ కాలిపర్‌తో వ్యాసం కొలవండి. స్టేలు కిందికి సన్నబడుతూ వస్తాయి గనక రెండు కొలతలూ తీసి సగటు వేయాలి. ఉదాహరణకు పైన 16.1, కింద 15.9 వస్తే బాస్ ఉన్నచోట అసలు గొట్టం 16.0 అన్నమాట. మీ లక్ష్యం 16.2 లేదా 16.3. మిగిలిన ఆ పావు మిల్లీమీటరు కంటికి కనిపించదు, రంగు కింద కలిసిపోతుంది. కానీ గొట్టానికి అదే రక్ష. కొలిచే చోట ముందు ముఖం మీద కూడా రంగు తీయడం మరవకండి. రంగు పొర మందమే కొలతను తప్పిస్తుంది, అది ఉందని తెలియక ఇంకా తీయాలనుకుని చాలామంది గొట్టంలోకి దిగుతారు.

కోతకు హ్యాక్‌సా చాలు. అంగుళానికి 24 గానీ 32 గానీ పళ్లున్న బ్లేడు వాడండి. అంతకంటే పెద్ద పళ్లయితే 8 మిల్లీమీటర్ల పోస్టులో ఇరుక్కుని గుంజుతాయి. బాస్‌కు పైన, కింద గొట్టం చుట్టూ పలచటి రేకు చుట్టి టేపు వేయండి, బ్లేడు జారితే దెబ్బ రేకుకు తగులుతుంది. పోస్టును పీఠానికి 1 మిల్లీమీటరు ఎడంగా కోయండి. స్ప్రింగ్ రంధ్రాలున్న పలక ఉంటే దాన్ని కూడా అదే ఎత్తున. గ్రైండర్‌తోనే కోస్తానంటే 1 మిల్లీమీటరు మందమున్న కటింగ్ డిస్క్ వాడి, గొట్టానికి కనీసం 5 మిల్లీమీటర్ల దూరంలో కోయండి. డిస్క్ తల గొట్టం వైపు తిరగకుండా, నిప్పురవ్వలు స్టేల మధ్య నుంచి బయటికి పోయేలా నిలబడాలి. రక్షణ కళ్లద్దాలు, దుమ్ము ఆపే మాస్కు తప్పనిసరి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, కాబట్టి రంగు పొడిని ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

కోసిన ముఖం మధ్యలో బోల్టు రంధ్రం కనిపిస్తుంది. చాలా బాస్‌లలో ఆ మర గొట్టం దాకా పోకుండా పీఠంలోనే ఆగిపోతుంది గనక అరగదీసే కొద్దీ మాయమవుతుంది. ఎంత తీసినా పోకుండా లోపలి చీకటి కనిపిస్తే ఆ రంధ్రం గొట్టం గోడను కూడా దాటి ఉందన్నమాట. అప్పుడు అక్కడే ఆగి, ఆ చుట్టూ పీఠాన్ని 1 మిల్లీమీటరు ఎత్తున ఉంచేసి, రంధ్రాన్ని వెండితో బ్రేజ్ చేయించి మూయించాలి. ఎపాక్సీతో మూస్తే నీరు ఆగుతుంది, బలం రాదు.

తర్వాత ఆకురాయి. 10 అంగుళాల గరుకు చదును ఆకురాయితో మొదలుపెట్టి, పీఠం 1 మిల్లీమీటరుకు దిగాక మధ్యరకానికి మారండి. పళ్ల మధ్య సుద్ద రాస్తే ఇత్తడి పొడి ఇరుక్కోదు. ఇరుక్కున్న రవ్వ గొట్టం మీద లోతు గీత పెడుతుంది. ఆకురాయిని ముందుకు నెట్టేటప్పుడే ఒత్తిడి పెట్టండి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తండి. ఒక్కో బాస్‌కు అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. అంతకంటే తొందరగా అయిపోతోందంటే మీరు ఎక్కువ తీస్తున్నారేమో చూసుకోండి.

ఎక్కడ ఆగాలో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే ఈ పనంతా దీని మీదే ఆధారపడి ఉంది. బాస్ పీఠాన్ని గొట్టం ఒంపుకు తగ్గట్టు లోపలికి గుంటగా చెక్కి అతికిస్తారు. అందువల్ల పీఠం లోహం గొట్టం శిఖరం మీద, అంటే వెనక ముఖం నట్టనడుమ, అన్నిటికంటే పలచగా ఉంటుంది. పక్కలకు పోయే కొద్దీ మందం. మీరు అరగదీస్తుంటే మొదట చుట్టూ ఇత్తడి వలయం, మధ్యలో బూడిదరంగు ఉక్కు కనిపిస్తాయి. కాసేపటికి శిఖరం మీద గొట్టం పొడవునా సన్నటి పసుపు గీత తేలుతుంది. అది పీఠానికీ గొట్టానికీ మధ్య పాకిన బ్రేజింగ్ పొర, మిల్లీమీటరులో పదో వంతు ఉంటే ఎక్కువ. దాని కిందే మీ గొట్టం. ఆ గీత కనబడగానే శిఖరం మీద ఇంకొక్క దెబ్బ కూడా వేయొద్దు. ఇక పక్కలకు దిగండి, ఆకురాయిని గొట్టం చుట్టూ ఊపుతూ ఉయ్యాలలా తిప్పండి. పసుపు క్రమంగా పక్కలకు విస్తరిస్తుంది. అంతటా పలచటి పసుపు మరక మిగిలితే పని అయినట్టే. ఆ మరకను కూడా తీసేసి తెల్లగా మెరిపించాలన్న కోరిక కలుగుతుంది. మెరిసేది అప్పుడు గొట్టమే, బాస్ కాదు. వెండి బ్రేజింగ్ అయితే గీత మరీ సన్నగా, రంగు తేడా తక్కువగా ఉంటుంది గనక మంచి వెలుతురులో, తరచూ గుడ్డతో తుడిచి చూడాలి.

టిగ్ వెల్డింగ్‌లో ఈ గుర్తు ఉండదు, పీఠమూ గొట్టమూ కరిగి ఒకటైపోయాయి. అక్కడ వెర్నియర్ కాలిపర్ కొలతే దిక్కు. 0.5 మిల్లీమీటర్లు ఎత్తుగా మిగిల్చి ఆపేయండి. వెల్డ్ అంచు దగ్గర గొట్టంలో సన్నటి కాలువ కనిపిస్తే, దాన్ని నున్నగా చేయాలని చుట్టుపక్కల లోహం తీయకండి. ఆ కాలువ అడుగు దాకా చేరాలంటే గొట్టాన్ని పలచన చేయాల్సిందే.

చదునుపడడం ఇంకో చిక్కు. గుండ్రటి గొట్టం మీద చదును ఆకురాయిని ఒకేచోట ఆడిస్తే చదును మచ్చ పడుతుంది. దాని వెడల్పును బట్టి ఎంత లోతు పోయిందో లెక్క కట్టొచ్చు. 16 మిల్లీమీటర్ల గొట్టం మీద మచ్చ వెడల్పు 2.5 మిల్లీమీటర్లయితే లోతు 0.1. వెడల్పు 4.3 అయితే లోతు 0.3. వెడల్పు 5.6 అయితే లోతు 0.5, అంటే 0.8 గోడలో సగం కంటే ఎక్కువ పోయినట్టే. మార్కర్ పెన్నుతో ఆ చోటంతా నల్లగా పూసి, ఒక్కసారి తేలిగ్గా ఆకురాయి ఆడించండి. ఎక్కడ సిరా పోయిందో అక్కడే మిట్ట ఉన్నట్టు. అదే వ్యాసమున్న గొట్టం ముక్కను నిలువునా చీల్చి అచ్చులా పెట్టుకుంటే ఇంకా మేలు. దాన్ని ఆనించి వెనక నుంచి వెలుతురు చూస్తే మిట్టపల్లాలు తెలిసిపోతాయి.

గ్రైండర్‌కు ఫ్లాప్ డిస్క్ తగిలించి ఇదంతా రెండు నిమిషాల్లో చేయొచ్చు కదా అనేవారు ఉంటారు. చేయొచ్చు, పీఠం 2 మిల్లీమీటర్లకు దిగేదాకా. అక్కడి నుంచి డిస్క్ ఎంత తీస్తోందో చేతికి తెలియదు. వేడి గురించి అడుగుతారు గనక చెబుతున్నాం. ఉక్కు మీద గడ్డిరంగు వస్తే సుమారు 220 డిగ్రీలు, నీలం వస్తే సుమారు 300. క్రోమోలీకి దానివల్ల బలం పోదు, చుట్టూ రంగు మాత్రం కాలుతుంది. ఎర్రగా మెరిసేదాకా పోతే మాత్రం బ్రేజింగ్‌కు, గొట్టానికి కూడా నష్టమే.

పొరపాటున లోతుగా దిగితే? 0.1 మిల్లీమీటరు వరకు గీతలు లేకుండా నునుపు చేసి వాడుకోవచ్చు. 0.3 దాకా పోతే ఫ్రేమ్ బిల్డర్‌కు చూపించండి. ఆ చోట గొట్టం ఒంపుకు సరిపడే పలచటి ఉక్కు పట్టీని వెండితో బ్రేజ్ చేసి బలం తెప్పించవచ్చు. పుట్టీ పూసి రంగు వేసి కనబడకుండా చేయడం మాత్రం పనికిరాదు. పుట్టీ పగులును ఆపదు, దాన్ని దాస్తుంది. మీ ఎడమ సీట్‌స్టే విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు. డిస్క్ బ్రేకు పట్టినప్పుడు కాలిపర్ ఆ స్టేను నెడుతుంది, ట్యాబ్ పై అంచు దగ్గర వంపు ఎక్కువ పడుతుంది. 26 అంగుళాల ఫ్రేమ్‌లో బాస్ ఇరుసుకు దాదాపు 255 మిల్లీమీటర్ల ఎత్తున, ట్యాబ్‌కు బాగా పైన ఉంటుంది గనక సరిగ్గా ఆ ఒత్తిడి చోటులో లేదు. అయినా కుడి స్టేలా పని లేని గొట్టం కాదది.

ఆకురాయి పని అయ్యాక ఎమ్రీ గుడ్డను వేలెడు వెడల్పు పట్టీలుగా చించి, బూటు తుడిచినట్టు రెండు చేతులతో గొట్టం చుట్టూ లాగండి. ముందు 120 నంబరు గరుకుది, తర్వాత 240. ఆఖరున 320తో గొట్టం పొడవునా, పైకీ కిందికీ రుద్దాలి. స్టే మీద బలం ప్రధానంగా పొడవునా పనిచేస్తుంది. అడ్డంగా మిగిలిన గీత పగులుకు మొదలవుతుంది, నిలువు గీత అంత ప్రమాదం కాదు. గోరు తగిలే అడ్డగీత ఒక్కటి కూడా ఉండకూడదు.

రంగు అదే రోజు వేయండి. బట్టబయలు ఉక్కు రాత్రి తేమకే తుప్పు పట్టడం మొదలవుతుంది. చుట్టూ ఉన్న పాత రంగు అంచును 320 కాగితంతో మెట్టు తెలియకుండా పలచబరచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఆ తర్వాత చేత్తో ముట్టుకోవద్దు. ఎపాక్సీ ప్రైమర్ శ్రేష్ఠం, ఉక్కుకూ ఇత్తడికీ రెండింటికీ పట్టుకుంటుంది. చిన్న పల్లాలకు పుట్టీ కావాలంటే ప్రైమర్ ఆరాక దాని మీద, పలచగా. రంగు రెండు మూడు పలచటి పూతలుగా, పూతకూ పూతకూ మధ్య డబ్బా మీద చెప్పినంత వ్యవధి ఇస్తూ వేయండి. గట్టిపడే మందు కలిపే రెండు భాగాల రంగుల్లో ఐసోసయనేట్ ఉంటుంది, వాటికి మామూలు దుమ్ము మాస్కు చాలదు. ముందుముందు పౌడర్ కోటింగ్ చేయించే ఆలోచన ఉంటే పుట్టీ జోలికే పోకండి. పౌడర్ కోటింగ్‌ను 180 నుంచి 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు, మామూలు పాలియెస్టర్ పుట్టీ ఆ వేడికి పగిలి ఊడుతుంది.

రంగు గట్టిపడ్డాక స్టేల లోపలికి మైనం ఆధారిత తుప్పు నిరోధకం స్ప్రే చేయండి. ఈ వరస తప్పితే నూనె బయటికి కారి ప్రైమర్ పట్టదు. కొందరు దీనికి ఉడికించిన అవిసె నూనె వాడతారు. అది బాగా పనిచేస్తుంది, కానీ దానితో తడిసిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి బయట ఆరబెట్టండి.

ఇప్పుడు ఫోర్క్. సస్పెన్షన్ ఫోర్కుల కింది కాళ్లు చాలావరకు మెగ్నీషియం పోతలు. మెగ్నీషియం పొడి, సన్నటి రజను నిప్పురవ్వకు అంటుకుంటే విపరీతమైన వేడితో, కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగుతో మండుతుంది. దాని మీద నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుట్టి మంట ఇంకా పెరుగుతుంది. పైగా అంతకుముందే గ్రైండర్‌లో ఉక్కు కోసి ఉంటే ఆ రవ్వలే అగ్గి. అందుకే అక్కడ కోత వద్దన్నాం. అవసరమూ లేదు. ఇలాంటి ఫోర్కుల్లో పోస్టులు సాధారణంగా మరతో బిగించిన ముక్కలే. మొదట్లోని చదునుకు సరిపడే స్పానర్ పెట్టి విప్పండి. రాకపోతే నూనె వేసి ఒక రోజు ఆగండి, తర్వాత మరిగే నీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి మళ్లీ ప్రయత్నించండి. స్పానర్‌కు పొడుగాటి పైపు తగిలించి గుంజొద్దు. ఉక్కు పోస్టూ మెగ్నీషియమూ కలిసినచోట తడి తగిలితే మెగ్నీషియం తినేయబడి మరలు అతుక్కుపోతాయి, బలం పెడితే పోత ముక్కే చిట్లిపోవచ్చు. అలా చిట్లితే ఆ కాలు మొత్తం పోయినట్టే. రాని పోస్టును రాని పోస్టుగానే వదిలేసి రబ్బరు టోపీ తొడగండి. వచ్చిన చోట రంధ్రంలో గ్రీజు నింపి నైలాన్ బోల్టు గానీ రబ్బరు బిరడా గానీ పెట్టండి, లేకపోతే బురదనీరు నిలుస్తుంది.

ఇదే ఫ్రేమ్‌కు ఎప్పుడైనా పాత ఉక్కు రిజిడ్ (సస్పెన్షన్ లేని) ఫోర్క్ తిరిగి వేస్తే దాని బాస్‌లనూ ముట్టుకోవద్దని మా సలహా. సీట్‌స్టే విరిగితే బైకు ఊగుతుంది, మీరు ఆపుకోగలరు. ఫోర్క్ కాలు విరిగితే తల నేలకు తగులుతుంది.

టాప్ ట్యూబ్ మీది కేబుల్ స్టాపులు చూడ్డానికి బాస్‌ల కంటే చిన్నవి, తీయడం తేలికనిపిస్తుంది. కానీ బటెడ్ గొట్టాలు చివర్లలో మందంగా, నడుమ పలచగా ఉంటాయి. ఆ నడుమ గోడ 0.5 లేదా 0.6 మిల్లీమీటర్లే ఉండొచ్చు. స్టాపుల్లో కొన్ని సరిగ్గా ఆ పలచటి భాగం మీదే ఉంటాయి. కొద్దిపాటి పొరపాటుకు సీట్‌స్టేలో చోటుంది, ఇక్కడ లేదు. హైడ్రాలిక్ గొట్టం 5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, పాత స్టాపు రంధ్రంలో పట్టదు. స్టాపులో ఇరుక్కునే చిన్న ప్లాస్టిక్ క్లిప్పులు దొరుకుతాయి, అవి వాడితే స్టాపులకు మళ్లీ పని దొరుకుతుంది. స్టేల మధ్య అడ్డంగా ఉన్న బ్రిడ్జిని, అందులో కేబుల్ ఆనే గుంట ఉన్నా సరే, తీయకండి. అది రెండు స్టేలనూ కలిపి పట్టి ఉంచే భాగం.

ప్రైమర్ వేసే ముందు ఒక పరీక్ష చేస్తే నిశ్చింత. తీసిన చోట కిరోసిన్ రాసి పావుగంట ఆగి, శుభ్రంగా తుడిచి, పైన మెత్తటి సుద్దపొడి అద్దండి. పగులు ఉంటే అందులో ఇంకిన కిరోసిన్ పైకి వచ్చి సుద్ద మీద సన్నటి తడిగీత చూపిస్తుంది. గీత కనబడితే రంగు వేయొద్దు, బిల్డర్ దగ్గరకు తీసుకెళ్లండి. ఏమీ లేకపోతే కిరోసిన్ జిడ్డు పూర్తిగా పోయేలా ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి ప్రైమర్ వేయండి. మొదటి నాలుగైదు సవారీల తర్వాత ప్రతిసారీ, ఆ తర్వాత నెలకోసారి బైకు కడిగినప్పుడు ఆ రెండు చోట్లా, ముఖ్యంగా ఎడమ స్టే మీద, రంగులో అడ్డంగా వెంట్రుక లాంటి గీత గానీ, గీత వెంట తుప్పు మరక గానీ వచ్చిందేమో వేలితో తడిమి చూడండి. వస్తే ఆ రోజే బైకు ఎక్కడం ఆపేయాలి.